దిగే చోటు

చక్రం వెనక అట్టకట్టిన ఎర్రమట్టి ముద్దలు ముద్దలుగా ఊడి పడుతుంటే పైపు పిన్నికి ఈల వేయాలనిపించింది. ఈల వేయడం రాదు. అందుకని పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి నీళ్లను ఇంకా జోరుగా చిమ్మింది. నీళ్లు బస్సు పొట్టకు తగిలి తిరిగొచ్చి ఆమె ముఖాన్నే తడిపేశాయి. ఆమె నవ్వుకుంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా పొద్దున్నే ఇదే పని. ఇవాళ్టితో ఆఖరు. కానీ ఆ నవ్వు అందుకు కాదు. ఇప్పుడు కడుగుతున్న ఈ బస్సే ఆమె మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కబోతోంది. ఆ సంగతి డిపోలో ఎవరికీ తెలియదు. ఇంట్లో అసలే తెలియదు.

ఆమె పొట్టి మనిషి. కుడి భుజం ఎడమ భుజం కన్నా రెండు వేళ్లు ఎత్తు. పొడుగు కర్ర బ్రష్షు ఎత్తి ఎత్తి అలా ఉండిపోయింది. వేళ్ల చివర్లు ఎప్పుడూ నాని ముడతలు పడి ఉంటాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, నెత్తికి ప్లాస్టిక్ సంచీతో చేసుకున్న టోపీ. ఎప్పుడో ఒక డ్రైవరు సరదాకి "పైపు పిన్నీ" అని పిలిచాడు. హాజరు పుస్తకంలో తప్ప మిగతా అన్ని చోట్లా ఆ పేరే స్థిరపడిపోయింది.

డిపో గోడకు ఆనుకుని రేకుల షెడ్డు. మధ్యలో సిమెంటు గచ్చు, రెండు పక్కలా కాలువ. షెడ్డు ముందే బస్సులు ఆగే ప్లాట్‌ఫారం, జనం కూర్చునే సిమెంటు బెంచీలు. పిన్ని బస్సులు కడుగుతూ కడుగుతూనే బయల్దేరేవాళ్లనీ తిరిగొచ్చేవాళ్లనీ చూసేది. వెళ్లేటప్పుడు అందరి ముఖాలూ వెలిగిపోతుండేవి. అదే మనుషులు నాలుగు రోజుల తర్వాత దిగేటప్పుడు చూడాలి! ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ, ఒక చెప్పు ఎక్కడో పోగొట్టుకుని, పిల్లల్ని రెక్క పట్టి లాక్కుంటూ దిగేవాళ్లు. వెళ్లడంలో ఇంత సంతోషం ఉండి, చేరడంలో ఇంత చిరాకు ఉన్నప్పుడు మనుషులు చేరడం కోసం ఎందుకింత ఆరాటపడతారో ఆమెకు ఎన్నేళ్లు ఆలోచించినా అర్థం కాలేదు.

మురికిని చూసి బస్సు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేస్తుంది పిన్ని. సముద్రం బస్సు అద్దాల మీద తెల్లగా ఉప్పు పొర ఉంటుంది. ఒక్క సబ్బుకు లొంగదు. సీట్ల సందుల్లో ఇసుక. ఎంత ఊడ్చినా ఇంకో గుప్పెడు మిగిలే ఉంటుంది. కొండల బస్సుకు ప్రతి కిటికీ కిందా ఎండిపోయిన వాంతి చారలు. జలపాతం బస్సులో పిండకుండా పడేసిన తడి తువ్వాళ్లు. మనుషులు ఏయే చోట్ల అందాన్ని పొగుడుతారో ఆయా చోట్ల నుంచి వచ్చే బస్సుల్నే కడగడం కష్టం.

ఈ పొడుగు రూటు బస్సు మాత్రం అలా కాదు. ఒంటి నిండా మట్టీ దుమ్మే. నీళ్లు తగలగానే వాన పడ్డట్టు వాసన వస్తుంది. ఎనిమిది గంటలు వెళ్లి, రాత్రి అక్కడే ఆగి, మర్నాడు ఎనిమిది గంటలు తిరిగి వస్తుంది. చివర ఏముందని డ్రైవర్ని అడిగితే, "ఒక పెట్రోలు బంకు, ఒక టీ కొట్టు, బస్సు తిప్పుకోడానికి ఖాళీ జాగా" అన్నాడు. పద్నాలుగేళ్ల కిందటి మాట అది. అప్పటి నుంచీ ఆమె మనసంతా ఈ బస్సు మీదే.

"పిన్నీ!" టైర్లకు గాలి కొట్టే అతను గొట్టం భుజాన వేసుకుని వచ్చాడు. "పాసు మీద ఎక్కడికి పోతున్నావో చెప్పవేంటి? అక్కడ పందెం కాస్తున్నాం."

పదవీ విరమణ చేసేవాళ్లకు డిపో ఒక పాసు ఇస్తుంది. ఇద్దరు మనుషులు, ఒక రానూపోనూ ప్రయాణం, ఏ రూటైనా సరే. ఆఖరి రోజు పదింటిలోపు ఆఫీసులో రూటు రాయించుకోవాలి. రాయించుకోకపోతే పాసు మురిగిపోయినట్టే. అందుకే ఎవరి ఆఖరి రోజొచ్చినా డిపో అంతా సలహాలు చెప్పడానికి ఎగబడుతుంది.

"నువ్వేం కాశావు?" అంది పిన్ని.

"సముద్రం. నీ నీళ్ల పిచ్చి తెలిసిందేగా."

"ముప్పై ఏళ్లుగా నీళ్లలోనే ఉన్నాను. మళ్లీ నీళ్ల దగ్గరికా?"

"అయితే కొండలు. చల్లగా ఉంటుంది."

"ఆ వాంతులన్నీ కడిగింది నేనయ్యా."

"మరి ఎక్కడికి తల్లీ?"

పిన్ని పైపు కిందికి దించింది. చెప్పకుండా ఉండలేకపోయింది. "ఏమీ లేని చోటికి."

"ఏమీ లేని చోటికైతే పాసెందుకు? మా ఇంటికి రా!" అని అతను పడీ పడీ నవ్వి, గొట్టం ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. పిన్ని కూడా నవ్వింది. అతను నమ్మలేదు. మంచిదే అయింది.

ఆమె బస్సెక్కి లోపల ఊడవడం మొదలుపెట్టింది. ఎడమవైపు నాలుగో వరస దగ్గరికి వచ్చాక చీపురు పక్కన పెట్టి, మొట్టమొదటిసారి ఆ కిటికీ పక్కన కూర్చుంది. నిజానికి ఈ సీటును ఎంచుకుని చాలా ఏళ్లయింది. చక్రం మీద పడదు. కిటికీ కమ్మీ కళ్లకు అడ్డం రాదు. మధ్యాహ్నం దాటాక ఎండ అటువైపు తిరగదు. అద్దం గలగలలాడదు. ఆమె అరచేతుల్ని తొడల మీద బోర్లించి పెట్టుకుని, ఎదురుగా కనబడుతున్న షెడ్డు గోడను చూసింది. కదలకుండా ఉన్న గోడను చూస్తేనే ఇంత బాగుంది, ఇక కదిలితేనో!

ఆమె ఒకే ఒక్కసారి విహారానికి వెళ్లింది. పెళ్లి మాట రెండుసార్లు వచ్చి రెండుసార్లూ వెళ్లిపోయాక, ఆమె అక్క ఇంట్లోనే వంటింటి పక్క గదిలో ఉండిపోయింది. ఆ రోజుల్లోనే అక్క, బావ, పిల్లలు, బావ తరపు వాళ్లు అందరూ కలిసి జలపాతానికి వ్యాను కట్టించుకున్నారు. ఎలా కుదిరిందో, పిన్నికి కిటికీ పక్క చోటు దొరికింది. పొలాలు వెనక్కి పరుగెత్తాయి. ఎవరో ఒకావిడ బావి దగ్గర నిలబడి జుట్టు ముడి వేసుకుంటోంది. ముడి పూర్తయిందో లేదో చూసేలోపే ఆవిడ వెళ్లిపోయింది. ఒక గేదె తల తిప్పింది. ఒక ఇంటి ముందు ఎర్ర దుప్పటి ఆరేసి ఉంది. దేని దగ్గరా ఆగక్కర్లేదు. దేని గురించీ ఏమీ అనక్కర్లేదు. అన్నీ ఆమె కోసమే వస్తున్నట్టూ, ఆమెను ఏమీ అడగకుండా పోతున్నట్టూ ఉంది. నలభై నిమిషాలు. అప్పుడు అక్క కొడుక్కి కడుపులో తిప్పింది. "జరగవే, వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టు" అంది అక్క. పిన్ని జరిగింది. జలపాతం దగ్గర అందరూ నీళ్లలోకి దిగితే, ఇరవై రెండు జతల చెప్పులకూ ఆరు సంచులకూ కాపలాగా రాయి మీద కూర్చుంది. వచ్చేటప్పుడు వెనక సీట్లో గిన్నెల మధ్య కూర్చుంది. ఇంటికి వచ్చాక జలపాతం ఎలా ఉందని పక్కింటావిడ అడిగితే, "బాగుంది" అంది.

ఆ నలభై నిమిషాలే మళ్లీ కావాలి. ఈసారి నలభై నిమిషాలు కాదు, పూర్తిగా ఎనిమిది గంటలు, మళ్లీ ఎనిమిది గంటలు. మధ్యలో ఎవరూ జరగమనకూడదు.

తొమ్మిదిన్నరకు చేతులు తుడుచుకుని ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లింది. పాసుల గుమాస్తా కుర్రతనం పోని మనిషి. కళ్లజోడు మాటిమాటికీ ముక్కు మీదికి జారుతుంటుంది.

"రండి పిన్నీ. సముద్రమేగా? నిన్న మీ అక్కగారు ఫోన్ చేసి రాసేయమన్నారు. మీరొచ్చి చెప్తేనే రాస్తానన్నాను."

అక్క ఫోన్ చేసిందన్నమాట! "సముద్రం కాదు నాయనా. పొడుగు రూటు. ఇవాళ పన్నెండింటి బస్సు."

గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "అక్కడేముంది?"

"ఏమీ లేదు."

"మరి దిగాక ఏం చేస్తారు?"

"దిగను."

అతను ఫారం ముందుకు లాక్కున్నాడు. ఫారంలో రెండు గళ్లున్నాయి. ఎక్కే చోటు, దిగే చోటు. "దిగే చోటు దగ్గర ఏం రాయమంటారు?"

"డిపో అని రాయి."

"ఎక్కే చోటూ డిపోనే కదా! రెండూ ఒకటే అయితే ప్రయాణమెలా అవుతుంది పిన్నీ? కంప్యూటరు ఒప్పుకోదు."

"పెన్ను ఒప్పుకుంటుందిగా. పెన్నుతో రాయి."

అతనికి నవ్వొచ్చింది. "అంత దూరం వెళ్లి, దిగి కాళ్లయినా చాపుకోరా?"

"బాత్రూముకు దిగుతా. అది ఊరు చూడటం కిందికి రాదు." పిన్ని కిటికీ చెక్క మీద రెండు చేతులూ ఆనించి దగ్గరికి వంగింది. ఇంత పొడుగు మాట ఆమె ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. "చూడు నాయనా, దిగితే చూడాలి. చూస్తే బాగుందనాలి. ఫొటో తీసుకోవాలి, నవ్వాలి. ఇంటికొచ్చాక మళ్లీ అందరికీ బాగుందని చెప్పాలి. అదో ఉద్యోగం. నాకు ఉద్యోగం ఇవాళ్టితో అయిపోయింది. నాకు కూర్చోవాలని ఉంది. బస్సు పోతుండాలి, నేను కూర్చోవాలి, అంతే."

గుమాస్తా పెన్ను తీశాడు. ఎక్కే చోటు: డిపో. దిగే చోటు: డిపో. ఇద్దరు. ముద్ర గుద్దుతూ, "మా ఆవిడకు చెప్తే తిడుతుంది కానీ, నాకూ దిగబుద్ధి కాదు పిన్నీ" అన్నాడు నెమ్మదిగా.

పాసు చేతిలో పడగానే పిన్నికి కాళ్లు నేల మీద ఆనలేదు. షెడ్డులోకి వచ్చి స్తంభం చాటున నిలబడి అక్కకు ఫోన్ చేసింది. వెళ్లిపోయాక చెబుదామా అనిపించింది కానీ, అలా చేస్తే కిటికీ పక్కన కూర్చున్నా కుదురుండదు.

"రాయించావా?" అంది అక్క, హలో కూడా అనకుండా.

"రాయించానక్కా. సముద్రం కాదు."

అవతల గరిటె చప్పుడు ఆగిపోయింది. "ఏంటే ఆ మాట?"

"పొడుగు రూటు బస్సు. అక్కడ ఒక పెట్రోలు బంకు తప్ప ఏమీ లేదు. వెళ్లి వచ్చేస్తాను. రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటా."

"పిల్లలు వ్యాను మాట్లాడేశారే! మనిద్దరం నీ పాసు మీద వెళ్తే వాళ్లకు చోటు సరిపోతుందని అన్నీ అనుకున్నాం కదా. పక్కింటావిడకు కూడా చెప్పేశాను! ఎవరైనా వింటే నవ్విపోతారు. పెట్రోలు బంకు చూడ్డానికి పోతావా?"

"బంకు కూడా చూడను."

"మతి పోయిందా నీకు? అక్కడే ఉండు. వస్తున్నాను."

అక్క వస్తోంది. అక్క వచ్చి జరగమంటే ఆమె ఎప్పుడూ జరగకుండా ఉండలేదు. గదిలోంచి జరిగింది, మంచం మీంచి జరిగింది, పండగ బట్టల్లో మంచి రంగు వదిలేసి జరిగింది. గడియారం పదింబావు చూపిస్తోంది. ఇంకా గంటా ముప్పావు.

భయం వేసినప్పుడు ఆమెకు తెలిసింది ఒక్కటే పని. బకెట్లో కొత్త నీళ్లు పట్టుకుని బస్సు అద్దాలు మళ్లీ కడిగింది. కడిగినవే కడిగింది. బయట ఒకసారి, లోపల ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి, పాత కాగితంతో ఒకసారి. చివరికి అద్దం ఉన్నట్టే తెలియకుండా పోయింది. ఒక ఈగ ఎగిరొచ్చి దానికి గుద్దుకుంది.

పదకొండున్నరకు పైపును చుట్ట చుట్టి మేకుకు తగిలించింది. బూట్లు విప్పి కాలువ పక్కన బోర్లించింది. తెచ్చుకున్న ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, చేతిసంచీతో నాలుగో వరసకు వచ్చి కూర్చుంది. సంచీలో ఒక స్వెటరు, నీళ్ల సీసా, బిస్కెట్ల పొట్లం ఉన్నాయి. రాత్రి సీట్లలోనే ముడుచుకుని పడుకోవచ్చని డ్రైవరు ఏనాడో చెప్పాడు. ఆ డ్రైవరే ఇప్పుడు అద్దంలోంచి చూసి కనుబొమలెత్తాడు.

"నువ్వా! అయితే ఆ పద్నాలుగేళ్ల ఎంక్వయిరీ ఇందుకేనా పిన్నీ?"

"ఇందుకే. గతుకుల్లో నెమ్మదిగా పోకు. ఎగరనీ."

ఒకరొకరుగా జనం ఎక్కుతున్నారు. పని మీద పోయేవాళ్లు. ఒకతను తలుపు చెక్కనే చంకలో పెట్టుకుని ఎక్కాడు. ఒకామె ఎక్కీ ఎక్కగానే నిద్రపోయింది. పిన్నికి వాళ్లందరి మీదా ప్రేమ పుట్టుకొచ్చింది.

పన్నెండుకు ఎనిమిది నిమిషాలుండగా గేటు దగ్గర పెద్ద పూల గొడుగు ఒకటి కనబడింది. దాని కింద అక్క. ఎండలో ఎర్రబడిన ముఖంతో, గచ్చు మీది నీళ్లు చిందేలా నడిచి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద గొడుగు మూసి బెంచీకి ఆనించి, కమ్మీ పట్టుకుని ఆయాసపడుతూ బస్సెక్కింది.

"దిగు" అంది.

పిన్ని లేవలేదు. "అక్కా, కూర్చో. ఆయాసం తగ్గనీ."

"కూర్చోడానికి రాలేదు. నిన్ను తీసుకుపోడానికి వచ్చాను." అన్నది కానీ, పక్క సీట్లో కూలబడింది. "అసలేముందే అక్కడ? ఆ ఏమీ లేనిదేంటో చెప్పు."

"చెప్పాను కదక్కా. ఏమీ ఉండదు. ఎవరికీ వండక్కర్లేదు. సంచులు లెక్క చూసుకోనక్కర్లేదు. ఎవరు ఎక్కడున్నారని అరవక్కర్లేదు. కూర్చోవడమే."

సముద్రం దగ్గర పదకొండు మందికి మూడు పూటలా ఎవరు వండాలో ఇద్దరికీ తెలుసు. కొత్త స్టవ్వు కూడా అక్కే సర్దిపెట్టింది. జలపాతం దగ్గర కూడా అక్క నీళ్లలోకి దిగలేదని పిన్నికి ఇప్పుడే గుర్తొచ్చింది. కాస్త దూరంలో పొయ్యి రాజేస్తూ, పొగకు కళ్లు తుడుచుకుంటూ ఉండేది.

"కూర్చోవడమేనా?" అంది అక్క.

"కూర్చోవడమే."

అక్క మోకాళ్లు రుద్దుకుంది. బయటికి చూసింది. చెయ్యి చాచి వేలితో ముట్టుకునే దాకా అక్కడ అద్దం ఉందని ఆమెకు తెలియలేదు. "నువ్వు కడిగిందేనా ఇది?"

"ఊఁ."

"ఇంట్లో అద్దం ఎప్పుడూ ఇలా తుడవలేదు నువ్వు."

"ఇంట్లో అద్దంలోంచి ఏం కనబడుతుందక్కా, మన ముఖాలే కదా."

అక్కకు నవ్వు రాబోయింది. దాన్ని కోపంతో అణిచేసి, "సరే, జరుగు. కిటికీ వైపు నేను కూర్చుంటా. నాకు బస్సు పడదు" అంది.

పిన్ని కుడి భుజం దానంతటదే కదలబోయింది. ఆమె కమ్మీని గట్టిగా పట్టుకుంది. నాని ముడతలు పడ్డ వేళ్లు తెల్లబడ్డాయి.

"జరగనక్కా."

బస్సులో ఎవరూ ఆ మాట వినలేదు. అక్క ఒక్కతే విన్నది. అక్క ఆమె ముఖంలోకి, తర్వాత ఆ చేతి వైపు చూసింది. అంతలో కండక్టరు ఎక్కాడు.

"నా ముందు వరస కిటికీ ఖాళీయే" అంది పిన్ని. "అదీ కడిగాను. నాలుగుసార్లు."

అక్క లేచింది. దిగడానికే అనుకుంది పిన్ని. అక్క తలుపు వైపు రెండడుగులు వేసి, ముందు వరసలోకి తిరిగి, కిటికీ పక్కన కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది.

"మరి బావ?" అంది పిన్ని.

"కూర చేసి పెట్టొచ్చాలే. గిన్నెలు ఎక్కడుంటాయో ఆయనకు తెలీదు." అక్క చెంగు సర్దుకుంది. "రేపటికి తెలుస్తుంది."

"స్వెటరు ఒక్కటే ఉందక్కా."

"నువ్వే వేసుకో. నాకు చలి తక్కువ."

కండక్టరు వాళ్ల దగ్గర ఆగాడు. "పెద్దమ్మా, మీరు పంపించడానికొచ్చారా? బస్సు కదులుతోంది, దిగుతారా?"

అక్క వెనక్కి తిరగకుండానే చెయ్యి వెనక్కి చాచింది. పిన్ని పాసును ఆ చేతిలో పెట్టింది. అక్క దాన్ని కళ్లకు దూరంగా పట్టుకుని, రెండు గళ్లూ చదివి, అతనికిచ్చింది. "ఇద్దరికి రాసుంది, చూడు."

గంట మోగింది. బస్సు ఒక్కసారి వెనక్కి ఊగి ముందుకు కదిలింది. షెడ్డు గోడ కదిలింది. మేకు, పైపు, కాలువ, టైర్ల అతను నోరు తెరిచి ఊపుతున్న చెయ్యి, అన్నీ అద్దం మీంచి జారి వెనక్కి పోయాయి. ముందు వరసలోంచి అక్క గొంతు, "ఒసేయ్, ఆ చెట్టెంత బాగుందో చూశావా!" అంది. పిన్ని చూడనే చూసింది. అది అప్పటికే వెళ్లిపోయింది. ఇంకోటి వస్తోంది.

ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. కడిగిన గచ్చు అంచుల నుంచి ఆరుతూ వస్తోంది. సిమెంటు బెంచీకి ఆనించి, సముద్రం ఎండ కోసం కొన్న కొత్త పూల గొడుగు నిలబడి ఉంది, పిడికి కట్టిన కంపెనీ చీటీ గాలికి అటొకసారి, ఇటొకసారి తిరుగుతూ.